కొండపై దాగిన సీమ — నీలగిరి తోడవారు

మన మేట్టుపాళయములో ఏ వీథిలో నిలిచి వాయవ్యముగా చూచినను, ఆకాశమును సగము మూసి నిలిచిన నీలిగోడ యొకటి కనబడును. పుట్టినది మొదలు చూచుచుండుటచేత మనము దానిని చూడనే చూడము. ఆ గోడపైన ఏమున్నదని అడిగినచో, ఉదకమండలము, పూలతోట, చెరువు, చలి అని పిల్లలు చెప్పుదురు. లారీలలో దిగివచ్చు ఉర్లగడ్డ, క్యాబేజి, తేయాకు అని పెద్దలు చెప్పుదురు. ఇవన్నియు రెండువందల యేండ్ల లోపలివి. అంతకు ముందు అనేక శతాబ్దములు ఆ గోడపై వేఱొక సీమ యుండెను. దానికి తన భాషలు, తన దేవతలు, తన ధర్మములు, తన పరలోకము కూడ నుండెను. కథలలో చదువుకొను మాయాద్వీపములకంటె అది వింతయైనది. మన యూరి రైలు పెట్టెలో కూర్చున్నచో అయిదుగంటలలో అచ్చటికి చేరవచ్చును.

ముందు ఆ నేల ఎట్టిదో తెలిసికొందము. కొండరైలు 1899లో కూనూరు వఱకును, 1908లో ఉదకమండలము వఱకును నడచినది. దారి పొడవు 46 కిలోమీటర్లు మాత్రమే. ఆ కొద్ది దూరములో బండి 326 మీటర్ల ఎత్తునుండి 2,203 మీటర్ల ఎత్తునకు ఎక్కవలయును. కల్లారు దాటినది మొదలు కూనూరు వఱకు మామూలు చక్రముల బలము చాలదు. పట్టాల నడుమ పండ్లు గల పట్టా యొకటి పఱచియున్నది. ఇంజను క్రిందనున్న పండ్లచక్రము దానిని కఱచి పట్టుకొని, పన్నెండడుగులు ముందునకు పోయినచో ఒక యడుగు పైకి లేచునంతటి వాలుపై మెల్లగా ప్రాకును. సొరంగములు 16, వంతెనలు 250, వంపులు 208. ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ 2005లో దీనిని ప్రపంచ వారసత్వపు పట్టికలో చేర్చినది. రైలు ఎక్కుటకే ఇంత యంత్రాంగము కావలసివచ్చినదనగా, కాలినడకన పోవు దినములలో ఆ గోడ యెంతటి గోడయో ఊహింపుడు. పైగా కొండ పాదమునందలి దట్టమైన అడవి మలేరియా జ్వరమునకు పుట్టినిల్లు. పైవారు క్రిందికి దిగుటకును, క్రిందివారు పైకి ఎక్కుటకును జంకుచుండిరి.

గోడ నెక్కిన పిమ్మట కొండకొమ్ము కనబడదు. విశాలమైన పీఠభూమి కనబడును. ఎత్తయిన శిఖరము దొడ్డబెట్ట, 2,637 మీటర్లు. పూర్వము ఆ నేల యంతయు తరంగములవలె లేచి పడు పచ్చికబయలు. రెండు గుట్టల నడుమ లోయలలో మాత్రము పొట్టిచెట్ల గుంపులు దట్టముగా పెరిగి యుండును. వానిని తమిళమున ‘శోలై’ యందురు. వానకాలమున పచ్చికయు శోలలును నీటిని పీల్చుకొని, ఎండకాలమున కొంచెము కొంచెముగా విడుచును. మన భవానీనది పుట్టినది ఆ కొండలలోనే. పండ్రెండేండ్ల కొకసారి నీలికుఱింజి పువ్వు ఆ బయళ్లను నీలముగా కప్పును. నీలగిరి యను పేరు దానివలననే వచ్చినదని కొందఱందురు.

ఆ పచ్చికలో గేదెలను మేపుకొని జీవించినవారు తోడవారు. వారి నింత దీర్ఘముగా లోకము మఱచియుండుట నిజముగా ఆశ్చర్యకరము. హోయసల రాజగు విష్ణువర్ధనుని దండనాయకుడైన పుణిసుడు తోడలను భయపెట్టి నీలాద్రిని గెలిచెనని 1117 నాటి శాసనము చెప్పుచున్నది. చరిత్రలో వారి పేరు కనబడుట అదియే మొదలు. ఆ తరువాత దాదాపు అయిదువందల యేండ్లు మౌనము. 1603లో ఫెనీచియో అను క్రైస్తవ గురువు మలబారు తీరమునుండి కొండ నెక్కి, ఎప్పుడో తప్పిపోయిన క్రైస్తవు లెవరైన అచ్చట నున్నారేమో యని వెదకెను. అతనికి క్రైస్తవులు దొరకలేదు. గేదెలమందలు గల తోడవారు కనబడిరి. మఱి రెండువందల యేండ్లకు, 1819లో, కోయంబత్తూరు కలెక్టరగు జాన్ సల్లివన్ పైకి వచ్చెను. కొలది యేండ్లలోనే రాతిమేడ కట్టబడెను, వాగునకు కట్ట వేసి చెరువు చేయబడెను, తరువాత బాటలు వచ్చెను. గోడ తెఱువబడినది.

తెల్లవారు తోడలను చూచి చేసిన ఊహలు తలచుకొన్నచో నవ్వు వచ్చును. పొడుగైన మనుషులు, గడ్డములు, భుజముపై కప్పుకొన్న దుప్పటి. ఇంకేమి, వీరు రోమనుల సంతతి యని ఒకరు, యూదులలో తప్పిపోయిన తెగ యని ఒకరు, మఱేదో ప్రాచీన జాతి యని మఱియొకరు. 1873లో మార్షల్ అను సైనికోద్యోగి తోడల తలకాయలను కొలిచి, వారి గుణములను లెక్కకట్టుటకు ప్రయత్నించి ఒక పుస్తకమే వ్రాసెను. ఎంత దూరదేశముల పేర్లు తలచిరో చూడుడు! కొండక్రింద నున్న జనులను మాత్రము ఎవ్వరును తలపలేదు.

చిక్కు విడదీసినది భాష. ఇందులో మన తెలుగునకు కొంత పాత్ర గలదు. తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, తమిళ కన్నడములతో కలసి వేఱొక కుటుంబమునకు చెందినదనియు 1816లో ఎల్లిస్ దొర నిరూపించెను. కాంబెల్ వ్రాసిన తెలుగు వ్యాకరణమునకు పీఠికగా ఆ విషయము అచ్చయినది. 1856లో కాల్డ్వెల్ తన ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణములో తోడ, కోట భాషలను కూడ ఆ కుటుంబములోనే చేర్చెను. 1935 మొదలు ఎమెనో అను అమెరికా పండితుడు కొండపై నుండి ఆ భాషలను నేర్చి పరిశోధించెను. అతనికి కోట భాష చెప్పినవాడు సుల్లి యను కోట ఉపాధ్యాయుడు. ఒక నోటిభాష పుస్తకములోనికి ఎక్కవలెనన్నచో, దానిని ఓపికతో చెప్పువాడొకడును, చెవి యొగ్గి వినువాడొకడును కావలయును గదా.

తోడభాష మొదట వినువారికి రోమను భాషవలెనే యుండునేమో! అందులో బుసబుసలాడు ధ్వనులును, నాలుక నదరించి పలుకు రకరకముల రేఫలును మిక్కుటము. కాని దగ్గఱగా వినిన చుట్టఱికము తెలియును. మనము కన్ను అనుదానిని తమిళులు కణ్ అందురు, తోడలు కొణ్ అందురు. మన మూడు వారికి మూద్. గేదెను మన యిండ్లలో పెద్దలు ఎనుము అందురు గదా. తమిళమున ఎరుమై, కన్నడమున ఎమ్మె, తోడభాషలో ఇర్. తోడల పల్లెను చుట్టుపట్లవారు ‘మందు’ అందురు. అది మన మంద అను మాటకు తోబుట్టువు. పశువులు చేరియుండు చోటు మంద. మనుష్యులు చేరియుండు చోటు మందు. ఒత్తైక్కల్ మందు, అనగా ఒంటిరాతి మంద యను పేరే ఉదకమండల మైనదని చెప్పుదురు. ఇట్లు చూచినచో రోములో వెదకిన జాతి మన వాకిటిలో నుండెను.

ఇక తోడల జీవనమును చూతము. దాని నడుమనున్నది గేదె. మొదట దేవుడు భూమిలోనుండి గేదెలను ఒకదాని వెంట నొకదానిని పైకి తెచ్చెననియు, చివరి గేదె తోకను పట్టుకొని మొదటి తోడవాడు బయటికి వచ్చెననియు వారి కథ. మనుష్యుడు గేదెను మచ్చిక చేసెనని మనము చదివితిమి. గేదెయే మనుష్యుని లోకమునకు తెచ్చెనని వారు చెప్పుదురు. ప్రతి గేదెకును పేరు గలదు. మాంసము వారి ఆహారము కాదు. పాలు, మజ్జిగ, నేయి, ధాన్యము వారి భోజనము.

మందలలో ఇంటిగేదెలు వేఱు, పవిత్రమైన గేదెలు వేఱు. పవిత్రమైన గేదెల పాలు తోడుపెట్టి చిలుకు ఇల్లే వారి గుడి. అందు విగ్రహముండదు. కుండలు, కవ్వము, దీపము. పాలు తోడుకొనుటయే పూజ, చిలుకువాడే పూజారి. ఈ పాలమందిరములలో అంతరువు లుండెను. అంతరువు పెరిగినకొలది పూజారి పాటింపవలసిన నియమములును పెరుగుచుండెను. అత్యున్నత మందిరముల పూజారి పెండ్లాము బిడ్డలను విడిచి యుండవలసినదే. అట్టి మందిరములు ఇప్పుడు నిలిచిపోయినవి. చిన్న అంతరువులవి కొన్ని నడచుచున్నవి. ఇల్లును గుడియు రెండును ఒకే ఆకారమున నుండును: పీపాను నిలువున సగముగా కోసి బోరగిల వేసినట్లు, వంచిన వెదుళ్లపై గడ్డి కప్పిన గుండ్రని కప్పు. ఎత్తు సుమారు పదియడుగులు. వాకిలి మాత్రము మూడడుగులే. లోనికి పోవువారు ప్రాకి పోవలసినదే. చలిగాలి నాపుటకు ఇంతకంటె మంచి యుపాయము నాకు తోచదు.

వారి భూగోళశాస్త్రము మన పాఠములలోని దానికంటె వేఱు. ప్రతి కొండకును, వాగునకును, పల్లెకును, పాలమందిరమునకును నిత్యవ్యవహారములో పలుకు పేరొకటి, ప్రార్థనలో మాత్రమే పలుకు పవిత్రనామ మొకటి. పూజారి ప్రార్థన ముఖ్యముగా ఈ నామముల వరుసయే. దానిని నేర్చినవాడు తన సీమ పటమును నోట దాల్చినవాడే యగును. పాటలును అట్టివే. తోడకవి ఏ మాటను ఒంటిగా విడువడు; ఒక పలుకునకు సరితూగు మఱియొక పలుకు జంటగా రావలయును. ఆ జంటలు వేలకొలది కలవు. పెండ్లి, చావు, గేదెలు, క్రొత్తగా వచ్చిన మోటారుబండి, ఏది వచ్చినను దానిని జంటలలో పెట్టి అప్పటికప్పుడు పాడగలరు. వ్రాత లేకయే ఇంత కవిత్వము నిలిచినందులకు ఎమెనో అబ్బురపడి, ఆ పాటలను సేకరించి 1971లో పెద్ద గ్రంథముగా ప్రకటించెను.

చనిపోయినవారు పోవు లోకము పడమటి దిక్కున నున్నది. దాని పేరు అమ్నోద్ర్. 1906లో తోడలపై పెద్ద గ్రంథము ప్రకటించిన రివర్సు దానిని గూర్చి విన్నదంతయు వ్రాసెను. దారిలో నొక నది. దానిపై నూలుపోగే వంతెన. స్వార్థపరులు, ఓర్వలేనివారు, పాలమందిరమునకు అపచారము చేసినవారు పోగుపైనుండి జాఱి పడుదురు. నదిలోని జలగలు వారిని పట్టును. అంతమాత్రమున వారికి శాశ్వతనరకము లేదు. ఆవలి యొడ్డువారే చేయి యిచ్చి పైకి లాగుదురు. కొంతకాలము అచ్చట నుండి వారును అమ్నోద్ర్ చేరుదురు. ఆ లోకములోను గేదెలే, మేతయే. అచ్చటివారు నడచి నడచి కాళ్లు అఱిగి మోకాళ్ల వఱకు వచ్చినప్పుడు దేవుడు వారిని మరల ఈ లోకమునకు పంపునట! కొండలలో బ్రతుకంతయు నడచినవారు కల్పించిన పరలోకము గదా, కాళ్లతోనే దానికి లెక్క.

స్త్రీల పనితనము పూత్కుళి యను దుప్పటిలో కనబడును. ముతక తెల్లగుడ్డపై నలుపు, ఎఱుపు దారములతో బుటా కుట్టుదురు. ముందుగా గీత గీయరు, అచ్చు పెట్టరు; గుడ్డలోని నూలుపోగులను వ్రేళ్లతో లెక్కించుకొనుచు కుట్టుదురు. రెండు వైపులను చూడదగియుండును. 2013లో ఈ పనికి భౌగోళిక సూచిక యను ప్రభుత్వపు గుర్తింపు వచ్చినది.

ఇచ్చట నొక విషయము ఆలోచింపవలయును. ఆ దుప్పటి బుటా తోడలది, కాని గుడ్డ? తోడలు నేయరు. గుడ్డ మైదానపు మగ్గములనుండి వచ్చినదే. ఇంకను చూడుడు: పాలమందిరపు వెలుపలి కుండలు కోటవారు చేసినవి; లోపలిగదిలోని మిక్కిలి పవిత్రమైన కుండలు మైదానపు హిందువులనుండి తెచ్చుకొన్నవని రివర్సు వ్రాసెను. పరులెవ్వరును తొంగి చూడరాని గదిలో పరులు చేసిన కుండ! కావున ఒంటరిజాతి యను మాటను మనము జాగ్రత్తగా వాడవలయును. కొండసీమ క్రిందివారికి దాగినది. తనలో తాను ఒంటరిది కాదు. తోడలు నేయి, పాలు ఇచ్చిరి. కోటవారు కుండలు, కొడవళ్లు, గొడ్డళ్లు చేసి యిచ్చిరి. తోడల చావులకు వాద్యము వాయించిరి. కుఱుంబరులు అడవిలోని తేనెయు వెదురును తెచ్చిరి. వారి మంత్రములకు అందఱును భయపడిరి. బడగులు సామలు, కొఱ్ఱలు, రాగులు పండించి పంచిరి. ఇచ్చిపుచ్చుకొనుటలో వెల కట్టుట లేదు. తాతనాటినుండి ఏ యింటికి ఏ యిల్లు అను లెక్కయే. నాలుగు జాతులు, నాలుగు భాషలు; ఒకరి భాష నొకరు కొంత యెఱిగియుండియు, ఎవరింట వారి భాషయే. పొరుగువారితో సంబంధమువలన భాష చచ్చునని భయపడువారికి ఈ కొండ ఒక సమాధానము చెప్పుచున్నది. పొరుగు లేని కాలమే అచ్చట లేదు, భాషలు మాత్రము నిలిచినవి.

బడగు అను పేరునకు అర్థమేమో తెలియునా? వడగ, అనగా ఉత్తరమునుండి వచ్చినవాడు. 1565లో విజయనగరము పడిన పిమ్మట మైసూరు ప్రాంతమునుండి కొండ నెక్కినవారమని వారి పెద్దలు చెప్పుకొందురు. 1603 నాటికే ఫెనీచియో వారిని కొండపై చూచెను. తమిళులు మనలను ఏమని పిలిచిరి? వడుగర్. అదే మాట! మన పూర్వులలో పెక్కుమంది విజయనగర నాయకరాజుల కాలముననే కోయంబత్తూరు, మధుర సీమలకు వచ్చిరి. ఉత్తరమునుండి వచ్చినవారిలో కొండ నెక్కినవారు బడగు లైరి, మైదానములో నాగలి పట్టినవారు వడుగు లైరి. వారి భాష కన్నడమునకు దగ్గఱ, మనది తెలుగు. ఇరువురము నేటికిని మన యిండ్లలో వానిని పలుకుచునే యున్నాము.

మఱి తోడల సీమకు ముప్పు ఎచ్చటనుండి వచ్చినది? మనుష్యులు వచ్చుటచేత కాదు, పచ్చిక పోవుటచేత. పచ్చికబయలు చూచి, అది వట్టి బీడనుకొన్నారు. పంతొమ్మిదవ శతాబ్దములో ఆస్ట్రేలియానుండి యూకలిప్టసు, తుమ్మజాతి చెట్లు తెచ్చి నాటిరి, సింకోనా నాటిరి, తేయాకు తోటలు పెట్టిరి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఆ చెట్ల పెంపకము మఱింత విస్తరించినది. తెలుగుదేశమంతట జలుబు చేసినవాడు నీలగిరి తైలము రాచుకొనును, ఆ చెట్టును నీలగిరి చెట్టే యనును. పాపము, నీలగిరికి ఆ చెట్టు పరాయిది! అది నేలనీటిని త్రాగివేయును. దాని నీడలో పచ్చిక రాదు. విద్యుత్తు కొఱకు కట్టిన జలాశయములు కొన్ని బయళ్లను ముంచినవి. మేత తగ్గినది; మందలు తగ్గినవి; మంద లేనిచోట పాలమందిరము నడవదు; మందిరము నడవనిచోట పవిత్రనామములు పలుకువాడు లేడు. పచ్చిక పోయినచో నదికిని నష్టమే. మన భవానిలో వేసవి నీరు తగ్గినచో ఆ కారణములలో కొన్నింటిని కొండపైన వెదకవలయును. ఇటీవల అడవిశాఖవారు పరాయి చెట్లను కొన్నిచోట్ల తొలగించి పచ్చికను మరల పెంచుచున్నారు.

తోడల సంఖ్య 1901లో సుమారు ఎనిమిదివందలు. 2011లో సుమారు రెండువేలు. అంతరించునని పలుమాఱు వ్రాయబడిన జాతి పెరిగినది. కాని వారి భాషను, కోటభాషను ఐక్యరాజ్యసమితి సంస్థ మిక్కిలి ప్రమాదములో నున్న భాషలలో చేర్చినది. మనుష్యుల లెక్క ఒకటి, మాటల లెక్క వేఱొకటి. తోడపిల్లలు బడిలో తమిళము, ఆంగ్లము చదువుదురు. వారి భాషకు సొంత లిపి లేదు; తమిళలిపిలో వ్రాయబోయినచో ఆ ధ్వనులలో సగము ఇమడవు. మనకు లిపి గలదు, ఈ పత్రిక గలదు, ఎనిమిదికోట్ల పైబడిన జనము గల భాష వెనుక నున్నది. అయినను ఇంట గేదెను ‘ఎనుము’ అనక ‘ఎరుమై’ అను పిల్లలు మనలోను లేకపోలేదు. ఇది తల్లిదండ్రులు నాకంటె బాగుగా ఎఱుగుదురు.

ఉదకమండలమునకు పోవు విద్యార్థులు పూలతోట పైభాగమున కొండ నెక్కినచో తోడమంద యొకటి కనబడును. వెలుపలనుండి చూడవచ్చును, పాలమందిరము దగ్గఱకు పోరాదు, అది వారి నియమము. అడుగకుండ మనుష్యులను పటములు తీయుట మర్యాద కాదు. దుప్పటి కొనువారు వెలకై మితిమీఱి బేరమాడకుందురు గాక. పోగులు లెక్కించి కుట్టిన పనికి వారములు పట్టును. మేతనుండి మంద తిరిగివచ్చు వేళయైనచో కొంచెము నిలుచుండుడు. ఆ గేదెలు మన యూరి గేదెలవంటివి కావు. బలిసిన మెడ, వెడల్పుగా చాచి నెలవంకవలె వంగిన కొమ్ములు. మందను తోలుకొని వచ్చు పెద్దాయనను, తాతా, ఈ యెనుము పేరేమి యని తమిళమున నడిగినచో తోడభాషలో చెప్పును.